డై మార్చడం నుంచి డిశ్చార్జ్ దాకా: ప్రెస్ షాప్ పద్ధతి ఆసుపత్రిలో ఎంతవరకు పనిచేసింది

ఉదయం పది గంటలకి డాక్టర్ గారు రౌండ్స్‌కి వచ్చి "బాగుందమ్మా, ఇవాళ ఇంటికెళ్ళిపోవచ్చు" అంటారు. ఆ మాట వినగానే కోడలు ఫ్లాస్కు కడిగేసి, దుప్పట్లు సంచిలో సర్దేస్తుంది. కొడుకు ఊళ్ళో కారున్నతనికి ఫోన్ చేస్తాడు. కారు పన్నెండుకల్లా గేటు దగ్గర ఉంటుంది. వాళ్ళు ఆ గేటు దాటేసరికి సాయంత్రం ఐదవుతుంది. ఆ ఏడు గంటలూ జబ్బు తగ్గిన మనిషి పైన మంచం మీద కూర్చుని ఉంటుంది, కింద క్యాజువాలిటీలో జబ్బుతో వచ్చిన మనిషి మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని స్ట్రెచర్ మీద పడుకుని ఉంటాడు.

నేను జీడిమెట్లలో ఒక ప్రెస్ షాప్‌లో పదకొండేళ్ళు పనిచేశాను. రేకును డైలో, అంటే ఇనుప అచ్చులో, నొక్కి బండ్ల విడిభాగాలు చేసే చోటు. ఆ తర్వాత సొంతంగా ఈ ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్ పని, అంటే పని జరిగే తీరు చూసి ఆలస్యాలు తగ్గించే పని, మొదలుపెట్టాను. ఇప్పుడు రాస్తున్న కేసు కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలోని 150 పడకల ప్రైవేటు ఆసుపత్రిది. పేరు చెప్పను, అవసరం కూడా లేదు, ఎందుకంటే ఇందులో ఉన్న ఇబ్బంది ఏ ఊరి ఆసుపత్రిలోనైనా మీరు చూసే ఉంటారు. ఇంకో 20 పడకలు వెయ్యాలా వద్దా తేల్చుకుందామని యాజమాన్యం నన్ను పిలిచింది. జనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలిచే ప్రభుత్వ పథకం పేషెంట్ల డిశ్చార్జ్‌కి దారి వేరు కాబట్టి దాన్ని ఈ పనిలో కలుపుకోలేదు.

మొదటి తొమ్మిది రోజులు ఎవరికీ ఏ సలహా ఇవ్వలేదు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, చేతిలో ఒక లాంగ్ నోట్‌బుక్ పట్టుకుని, డాక్టర్ "ఇంటికి" అన్న క్షణం నుంచి ఆ పేషెంట్ కేస్ షీట్ ఎటు పోతే అటు పోయాను. అలా 31 కేస్ షీట్ల వెనక తిరిగాను. డబ్బు కట్టి వెళ్ళేవాళ్ళకి సగటున నాలుగున్నర గంటలు, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి ఏడున్నర. ఆ ఫైలు మీద ఎవరో ఒకరు కూర్చుని నిజంగా పనిచేసిన సమయం మొత్తం కూడితే యాభై నిమిషాలు దాటలేదు. మిగతా సమయమంతా ఫైలు ఏదో ఒక బల్ల మీదో ట్రేలోనో పడి ఉంది.

ఎక్కడెక్కడ పడి ఉందో చెప్తాను. డిశ్చార్జ్ సమ్మరీ రాయాల్సిన డ్యూటీ డాక్టర్ రౌండ్స్ అయ్యేదాకా రాయలేడు, రౌండ్స్ పన్నెండున్నరకి అవుతాయి. ఆయన రాసింది కన్సల్టెంట్ చూడాలి, అప్పటికి ఆయన ఓపీలో ఉంటారు లేదా థియేటర్‌లో ఉంటారు. వార్డులో మిగిలిన మందులు, సిరంజిలు, గ్లవ్స్ ఫార్మసీకి వాపసు వెళ్ళాలి, ఫార్మసీ వాళ్ళు వాపసులు మధ్యాహ్నం తర్వాతే తీసుకుంటారు. వాపసు పడకుండా బిల్లు మూయరు. బిల్లు మూయకుండా టీపీఏ డెస్క్, అంటే ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే బల్ల, ఫైనల్ మెయిల్ పంపదు. ఒకదాని వెనక ఒకటి, రైలు పెట్టెల్లా.

వీటన్నిటికంటే నన్ను ఆపేసింది వార్డ్ బాయ్ పని. మూడో అంతస్తులో ఫైలు తయారైనా అతను వెంటనే కిందకి తీసుకెళ్ళడు, నాలుగైదు పోగయ్యాకే వెళ్తాడు. బద్ధకం అని అందరూ అన్నారు. అతని వెనక రెండు రోజులు తిరిగితే తెలిసింది, లిఫ్ట్ ఒక్కటే, అందులో పేషెంట్లకీ భోజనం ట్రాలీలకీ ముందు దారి ఇవ్వాలి, ఒకసారి కిందకి వెళ్ళి రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అతని స్థానంలో నేనున్నా ఫైళ్ళు పోగేసుకునే వెళ్తాను. ప్రెస్ షాప్‌లో పెద్ద లాట్లు కొట్టేది ఇందుకే. డై మార్చడానికి రెండు గంటలు పడితే, ఒకసారి బిగించాక వారానికి సరిపడా ముక్కలు కొట్టేసి పక్కన గుట్ట పోస్తారు. ఆ గుట్టే ఇక్కడ ఐదు ఫైళ్ళు. గుట్టను చూసి మనిషిని తిట్టడం తేలిక, ఆ గుట్ట పెట్టుకోక తప్పని పరిస్థితి ఎక్కడుందో వెతకడమే మా పని.

పడకల లెక్క కూడా అప్పుడే తేలిపోయింది. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో గణితపరంగా నిరూపించిన ఒక చిన్న సూత్రం ఉంది: ఒక చోట సగటున ఎంతమంది ఉంటారో తెలియాలంటే, ఎంత వేగంగా వస్తున్నారో దాన్ని ఒక్కొక్కరు ఎంతసేపు ఉంటున్నారో దానితో హెచ్చవేస్తే చాలు. ఈ ఆసుపత్రిలో రోజుకి దాదాపు 24 డిశ్చార్జులు, అంటే గంటకి ఒకటి. సగటు ఎదురుచూపు ఆరు గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి సగటున ఆరు పడకల మీద ఎప్పుడూ వైద్యం అయిపోయినవాళ్ళే ఉన్నట్టు. పైగా ఆ ఎదురుచూపు అంతా పగటిపూటే కాబట్టి మధ్యాహ్నం ఆ సంఖ్య పన్నెండు, పదమూడు దాకా పోయేది, సరిగ్గా కొత్త అడ్మిషన్లు ఎక్కువగా వచ్చే వేళకి. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాక కొత్త పడకల మాట పక్కన పెట్టారు.

ఇక్కడిదాకా బాగానే నడిచింది. తర్వాత నేను రెండు పెద్ద తప్పులు చేశాను, వాటిని దాచకుండా రాస్తాను, ఎందుకంటే ఒక పరిశ్రమ నుంచి ఇంకో పరిశ్రమకి పద్ధతి మోసుకెళ్ళే ప్రతి ఒక్కరూ ఇవే చేస్తారు.

మొదటిది ఫైవ్ ఎస్, అంటే పనిచేసే చోట ప్రతి వస్తువుకీ ఒక స్థానం పెట్టి శుభ్రంగా సర్ది ఉంచే జపాన్ పద్ధతి. ఫ్యాక్టరీలో ఎక్కడికెళ్ళినా మొదట చేసేది అదే కాబట్టి ఇక్కడా అదే చేశాను. వార్డు నేల మీద పసుపు టేపు, ట్రాలీకి గీత, ఆక్సిజన్ సిలిండర్‌కి గీత, గోడల మీద పోస్టర్లు, వాటి మీద "వేస్ట్", "డిఫెక్ట్" లాంటి మాటలు. పది రోజుల్లో టేపు ఫినాయిల్‌కి ఊడిపోయింది. అది పెద్ద విషయం కాదు, ఆ మాటలే చాలామంది సిస్టర్లని నొప్పించాయి. వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఒకరు, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నావిడ, నన్ను పక్కకి పిలిచి చెప్పారు. "సార్, మీ రేకు ముక్క రాత్రి రెండింటికి లేచి నాకు భయంగా ఉంది సిస్టర్ అనదు. మా పేషెంట్ అంటాడు. ఆ టైంలో నేను అతని దగ్గర కూర్చుంటే దాన్ని మీ చార్టులో వేస్ట్ అని రాశారు."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నర్సు పేషెంట్‌తో మాట్లాడే సమయాన్ని నేను "విలువ చేర్చని పని" గడిలో వేశాను. ఆ రోజే ఆ చార్టు తీసేశాను, పోస్టర్లు తీసేశాను, అందరి ముందూ తప్పని ఒప్పుకున్నాను.

రెండో తప్పు ఇంకా లోతైనది. "మధ్యాహ్నం 12 లోపు డిశ్చార్జ్" అని లక్ష్యం పెట్టి, ఆర్డర్ రాసిన టైం నుంచి పేషెంట్ వెళ్ళిన టైం వరకు కొలిచి, ప్రతి వార్డులో బోర్డు పెట్టాం. మూడు వారాల్లో అంకెలు అద్భుతంగా తగ్గాయి. యాజమాన్యం సంతోషపడింది, నేనూ సంతోషపడ్డాను. కానీ గేటు దగ్గర కార్లు మాత్రం అలాగే ఆగి ఉంటున్నాయి. చూస్తే ఏముంది, డ్యూటీ డాక్టర్లు "ఇంటికెళ్ళొచ్చు" అని నోటితో చెప్తున్నారు కానీ కేస్ షీట్‌లో ఆర్డర్ మాత్రం బిల్లు దాదాపు తయారయ్యాకే రాస్తున్నారు. వాళ్ళని తప్పు పట్టలేను, గడియారం ఎక్కడ మొదలవుతుందో నేనే తప్పుగా పెట్టాను. తర్వాత కొలత మార్చాం: పేషెంట్‌కి మాట చెప్పిన నిమిషం నుంచి, ఆ మంచం తుడిచి దుప్పటి మార్చి తర్వాతి పేషెంట్ పడుకున్న నిమిషం దాకా. ఆ మొదటి నిమిషాన్ని డాక్టర్ రాయడు, పేషెంట్ పక్కనున్నవాళ్ళనే అడిగి సిస్టర్ రాస్తుంది. అంకెలు మళ్ళీ పెరిగాయి, కానీ ఈసారి నిజమైన అంకెలు.

ఆ సమయంలోనే ఒక సీనియర్ సర్జన్ మీటింగ్‌లో గట్టిగా అన్నారు, "ఇది ఆసుపత్రి బాబూ, ఫ్యాక్టరీ కాదు." చాలామంది తలలూపారు. నేను ఆయనతో వాదించలేదు, ఒక సంగతి మాత్రం చెప్పాను. "థియేటర్‌లో మీరు తల తిప్పకుండా చేయి చాపితే సిస్టర్ పరికరం చేతిలో పెడుతుంది కదా డాక్టర్ గారూ, అలా జరగాలని గట్టిగా చెప్పినవాళ్ళలో ఒకాయన తాపీ పని నుంచి వచ్చాడు." ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అమెరికాలో ఇటుకల పనిలో మొదలై, ఒక ఇటుక పెట్టడానికి మేస్త్రీ చేసే 18 కదలికల్ని నాలుగున్నరకి తగ్గించి, తర్వాత ఆపరేషన్లను ఫిల్మ్ తీసి సర్జన్లు పరికరాలు వెతుక్కోవడానికి ఎంత సమయం పోగొట్టుకుంటున్నారో చూపించాడు. అసలు ఈ రంగంలో ఏ పద్ధతీ పుట్టిన చోట ఉండిపోలేదు. ఫోర్డ్ 1913లో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టడానికి ఒక ప్రేరణ చికాగో కబేళాలు. టొయోటా వాళ్ళ కాన్‌బాన్ అంటే వాడినంతే మళ్ళీ తెప్పించుకునే చీటీల పద్ధతి, దాని వెనక సూపర్‌మార్కెట్ అరలు ఉన్నాయి, తీసుకున్నంతే మళ్ళీ నింపుతారు. తప్పు జరగ్గానే పని ఆపేసే వాళ్ళ జిదోకా అయితే నేరుగా మగ్గం నుంచి వచ్చింది: సకిచి టొయోడా చేసిన మగ్గంలో దారం తెగితే మగ్గం దానంతటదే ఆగిపోతుంది, తప్పు ఉన్న బట్ట ఇంకో గజం కూడా నెయ్యదు. పడుగూ పేకా తెలిసిన ఏ నేతకారుడికీ దీని విలువ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక ఆసుపత్రుల్లో ఇదేం కొత్త కాదు, అమెరికాలో సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి పెద్దలు 2002లో జపాన్ వెళ్ళి ఫ్యాక్టరీల్లో నేర్చుకుని వచ్చారు. ఆ సర్జన్ గారు ఒప్పుకున్నారని చెప్పను, కానీ తన రెండు వార్డుల్లో ప్రయత్నం చేసుకోమన్నారు. అది చాలు నాకు.

ఆ రెండు వార్డుల్లో ఫ్యాక్టరీ నుంచి మోసుకెళ్ళింది ఒకే ఒక్క ప్రశ్న. అది షిగియో షింగో అనే జపాన్ ఇంజనీరుది. 1950లో హిరోషిమాలో మజ్దా వాళ్ళ ప్లాంట్‌లో డై మార్చేటప్పుడు ఒక పనివాడు బోల్ట్ కోసం వెతుక్కుంటూ తిరగడం ఆయన చూశాడు. ప్రెస్ ఆగిపోయి ఉంది, బోల్ట్ మాత్రం లేదు. అక్కడే ఆయనకి తట్టింది, యంత్రం ఆగాక మాత్రమే చెయ్యగలిగే పనులు కొన్ని, నడుస్తుండగానే ముందుగా చేసి ఉంచుకోగలిగేవి కొన్ని, రెండూ కలిసిపోవడం వల్లే ఇంత సమయం. 1969లో టొయోటాలో 1000 టన్నుల ప్రెస్‌కి నాలుగు గంటలు పట్టే డై మార్పిడిని మొదట 90 నిమిషాలకి, చివరికి మూడు నిమిషాలకి తెచ్చింది ఈ ఒక్క విభజనతో మొదలుపెట్టే.

సిస్టర్లనీ డ్యూటీ డాక్టర్లనీ ఫార్మసీ, బిల్లింగ్ వాళ్ళనీ ఒక గదిలో కూర్చోబెట్టి డిశ్చార్జ్‌లో ఉన్న ప్రతి పనినీ ఒక చీటీ మీద రాయించాం. ఒక్కో చీటీ పట్టుకుని అడిగింది ఒక్కటే: "దీనికి ఇవాళ పొద్దున డాక్టర్ చెప్పే మాట కావాలా, నిన్న రాత్రే చెయ్యొచ్చా?" మొత్తం 23 చీటీల్లో పొద్దుటి మాట కావాల్సినవి ఆరే తేలాయి. చివరి పరీక్ష, ఆ పూట బీపీ, జ్వరం, సమ్మరీలో చివరి పేరా, మందుల చీటీ మీద సంతకం, ఇలాంటివి. సమ్మరీలో మిగతా భాగం, ల్యాబ్, థియేటర్ ఛార్జీలు ఎక్కించడం, మందుల వాపసు, ఇంటికెళ్ళాక ఏం తినాలి, కుట్లు ఎప్పుడు విప్పించుకోవాలి అని చెప్పడం, ఇవన్నీ ముందు రోజు సాయంత్రానివే. ఆ చివరిది ముందుకి జరపడం వల్ల నేను అనుకోని లాభం ఒకటి వచ్చింది: వెళ్ళే హడావిడిలో తలూపే బదులు, రాత్రి తీరిగ్గా విని, పొద్దున మళ్ళీ అడిగేవాళ్ళు.

ఇక్కడే ప్రెస్ షాప్‌కీ ఆసుపత్రికీ ఉన్న అసలు తేడా బయటపడింది. రేపు ఏ డై ఎక్కుతుందో ఈ రోజే తెలుసు. రేపు ఏ పేషెంట్ వెళ్తాడో తెలీదు. రాత్రి జ్వరం వస్తే వెళ్ళడు. మొదటి వారంలోనే అలా జరిగింది, వాపసు పంపేసిన యాంటీబయోటిక్ రాత్రి పదకొండున్నరకి మళ్ళీ కావాల్సి వచ్చి, సిస్టర్ కిందకి పరుగెత్తింది. నాకు చాలా బాధేసింది, ఆ రాత్రి టెన్షన్ నా వల్ల వచ్చింది.

దీనికి పరిష్కారం ఇందాక చెప్పిన ఇన్‌ఛార్జ్ సిస్టరే చెప్పారు. "ప్రతి పేషెంట్‌కీ ఒకే తీరు ఎందుకు సార్?" అని, బోర్డు మీద మూడు గళ్ళు గీశారు: రేపు తప్పకుండా, రేపు కావచ్చు, తెలీదు. సాయంత్రం రౌండ్స్‌లో డాక్టర్ ఒక గడి చెప్తారు. "తప్పకుండా" అంటే ముందు పనులన్నీ చేసేస్తాం. "కావచ్చు" అంటే వెనక్కి తీసుకోగలిగినవే చేస్తాం: సమ్మరీ డ్రాఫ్ట్, ఛార్జీలు ఎక్కించడం. మందులు మాత్రం వార్డు దాటవు, విడిగా ఒక కవర్‌లో పెట్టి పేరు రాసి ఉంచుతారు అంతే. పద్ధతుల పుస్తకాల్లో నేను చదివింది పని ముందా వెనకా అన్న విభజన. చేశాక వెనక్కి తీసుకోవచ్చా లేదా అన్న రెండో విభజన ఆవిడ దగ్గర నేర్చుకున్నాను.

వార్డ్ బాయ్ విషయంలో ఫార్మసీ అసిస్టెంట్ ఒకరు రాత్రి ఎనిమిదికి ట్రాలీతో ప్రతి అంతస్తుకీ వచ్చి "తప్పకుండా" గడిలో ఉన్నవాళ్ళ వాపసులు అక్కడే లెక్క చూసి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. భోజనం ట్రాలీలు అయిపోయాక లిఫ్ట్ ఖాళీగా ఉండే వేళ అది. పొద్దున మోయాల్సింది ఏమీ మిగలకపోయేసరికి, ఫైళ్ళు పోగేసే అవసరమే పోయింది. వార్డ్ బాయ్‌కి ఎవరూ ఏ క్లాసూ పీకలేదు.

ఇన్సూరెన్స్ వైపు రెండు వేరు వేరు సమస్యలున్నాయి. మన హైదరాబాద్‌లోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మేలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ విన్నపం అందిన మూడు గంటల్లో ఫైనల్ అనుమతి ఇవ్వాలి, అంతకంటే ఆలస్యమై ఆసుపత్రి అదనంగా ఛార్జీ వేస్తే అది బీమా కంపెనీయే భరించాలి. మంచి నియమం. కానీ మన మెయిలే మధ్యాహ్నం రెండింటికి వెళ్తే నియమం ప్రకారం జరిగినా ఐదవుతుంది. ముందు పనులు రాత్రికి జరిపాక మెయిల్ పదింటికల్లా వెళ్ళడం మొదలైంది.

రెండోది వాళ్ళు తిప్పి అడిగే ప్రశ్నలు. నెల రోజులు వచ్చిన ప్రతి ప్రశ్ననీ ఒక షీట్‌లో రాయించాను. సగానికి పైగా రెండు రకాలే: ఒంట్లో అమర్చిన ప్లేటు, స్టెంట్ లాంటి వాటి వివరాలుండే ఇంప్లాంట్ స్టిక్కర్ లేకపోవడం, షుగరు, బీపీ ఎన్నేళ్ళుగా ఉన్నాయో అడ్మిషన్ నోట్‌లో ఒకటి, సమ్మరీలో ఇంకొకటి ఉండటం. మగ్గం మాట ఇక్కడ గుర్తుకొచ్చింది. దారం అడ్మిషన్ రోజున తెగింది, ఎక్కడో ఇంకో ఊళ్ళో కూర్చున్న క్లర్కు ఐదో రోజున దాన్ని పట్టుకుంటున్నాడు. స్టిక్కర్‌ని థియేటర్ నుంచి పేషెంట్ బయటికి రాకముందే కేస్ షీట్‌లో అంటించడం, అతికించనిదే షిఫ్ట్ చెయ్యకపోవడం నియమం చేశాం. చరిత్ర ఒక్కరే అడిగి, రాసింది పేషెంట్‌కి చదివి వినిపించి, సమ్మరీ అదే పేజీ నుంచి రాస్తారు. ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎవరికీ అనుకూలంగా జవాబు మార్చమని ఎక్కడా చెప్పలేదు, అలాంటి పని చేసే చోట నేను ఉండను.

ఇంకో సంగతి ఏ జపాన్ చార్టులోనూ ఉండదు. బోర్డు మీద అన్నీ సిద్ధంగా ఉన్నా శుక్రవారం పొద్దున కొందరు కదిలేవాళ్ళు కాదు. రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు. పసిబిడ్డతో తల్లిని మంగళవారం ఇంటికి తీసుకెళ్ళం అనేవాళ్ళు ఉన్నారు, అమావాస్య వద్దనేవాళ్ళు ఉన్నారు. మొదట దీన్ని అడ్డంకి అనుకున్నాం. తర్వాత సాయంత్రం మాటల్లోనే సిస్టర్లు "రేపు మీకు బయల్దేరడానికి ఏ టైం బాగుంటుందమ్మా?" అని అడగడం మొదలుపెట్టారు. పదిన్నర లోపు వెళ్ళాలి అన్నవాళ్ళ ఫైలు ముందు కదిలేది. వాళ్ళు అంత వేగంగా సర్దుకుని తయారుగా ఉండేవాళ్ళు కాబట్టి, మా వరసలో మొదటి మంచం వాళ్ళదే ఖాళీ అయ్యేది.

నాలుగు నెలల తర్వాత మళ్ళీ అదే నోట్‌బుక్‌తో తిరిగాను. డబ్బు కట్టేవాళ్ళకి రెండు గంటల లోపు, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి నాలుగు గంటల చుట్టుపక్కల. ఆదివారాలు మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి, సాయంత్రం రౌండ్స్‌కి కన్సల్టెంట్ రాని రోజు "తప్పకుండా" అనే మాట చెప్పేవాళ్ళు లేరు. సంక్రాంతి ముందు రెండు రోజులు కూడా పద్ధతి నిలబడలేదు, ఒకేసారి అందరూ వెళ్తామంటే ఏ బిల్లింగ్ కౌంటర్ అయినా చేతులెత్తేస్తుంది.

తర్వాత గోదావరి వైపు ఒక రైస్ మిల్లుకి వెళ్ళినప్పుడు ఈ అనుభవం నన్ను పూర్తిగా కాపాడలేదు. ధాన్యం ట్రాక్టర్లు గేటు బయట రాత్రంతా నిలబడుతున్నాయంటే, నేను స్టాప్‌వాచ్ పట్టుకుని అన్‌లోడింగ్ దగ్గర నిలబడ్డాను, ముఠా వాళ్ళు బస్తా దించే తీరు చూస్తూ. రెండు రోజులు వృథా. ట్రాక్టర్లు ఆగింది తేమ దగ్గర. ధాన్యం 17 శాతం తేమ దాటితే తీసుకోరు, ఆ సంగతి రైతుకి తెలిసేది గేటు దాకా వచ్చాక. అక్కడి నుంచి వెనక్కి తిప్పాలి, ఆరబెట్టాలి, వాదన, దాని వెనక మిగతా బళ్ళన్నీ. తేమ మీటర్ ఒకటి కళ్ళాల దగ్గరికే పంపి, బాగున్నవాళ్ళకే టోకెన్ ఇచ్చాక వరస తగ్గింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఫైలు వెనక తిరిగినవాణ్ణి, ఇక్కడ ఒక్క ట్రాక్టర్ వెనక కళ్ళం నుంచి రావాల్సింది, రాలేదు.

మొన్న పాత ప్రెస్ షాప్ వాళ్ళు పిలిచారు. ఇప్పుడు వాళ్ళకి ఆర్డర్లు వారానికి ముందు కాకుండా రోజుకి ముందు మారుతున్నాయట, ముందుగా సిద్ధం చేసిన డై రాత్రికి రాత్రి అక్కర్లేకుండా పోతోందట. గోడ మీద మూడు గళ్ళు గీయించాను. "కావచ్చు" డైని రాక్ నుంచి తీసి శుభ్రం చేసి, బోల్ట్‌లు ట్రేలో పెట్టి ప్రెస్ పక్కన ఉంచుతారు, ప్రెస్‌లో డై బిగించే బోల్‌స్టర్ పలక మీదకి మాత్రం ఎక్కించరు. ఫోర్‌మన్ చూసి, "బాగుందన్నా, ఎవరి ఐడియా ఇది?" అని అడిగాడు. ఒక సిస్టర్‌ది అని చెప్పాను.